ఆ రైలును నడిపింది ఎవరు?

1987 సెప్టెంబర్ 1. కాలిఫోర్నియాలో కాంకర్డ్ అనే ఊరి దగ్గర అమెరికా నౌకాదళానికి పెద్ద ఆయుధ డిపో ఉండేది. మధ్య అమెరికాకు వెళ్ళే బాంబులు, రాకెట్లు అక్కడ రైలు పెట్టెల్లోకి ఎక్కి, రేవుకు చేరి, ఓడల్లోకి మారేవి. డిపో గేటు దాటాక పట్టాలు ఒకచోట మామూలు రోడ్డును కోసుకుంటూ పోతాయి. ఆ రోజు మధ్యాహ్నం కావస్తుండగా ముగ్గురు మనుషులు అక్కడ పట్టాల మధ్య కూర్చున్నారు. ముగ్గురూ యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాళ్ళే. నలభై రోజులు ఉపవాసం ఉండి ఆయుధాల రైళ్ళకు అడ్డం కూర్చుంటామని డిపో అధికారులకు, పోలీసులకు ముందే తెలియజేశారు. దాచిందేమీ లేదు.

రైలు వచ్చింది. ఇంజిన్ ముందు భాగంలో దారి చూడడానికే ఇద్దరు నిలబడి ఉన్నారు. పట్టపగలు. గంటకు 5 మైళ్ళు మించకూడదన్న చోట రైలు 15 మైళ్ళు దాటిన వేగంతో వచ్చింది. కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు ఆఖరి క్షణంలో తప్పుకోగలిగారు. మూడో మనిషి తప్పుకోలేకపోయాడు. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుంచి పోయాయి, పుర్రె పగిలింది. భార్య అక్కడే ఉంది. ఆమె మంత్రసాని. ఆమె, తోటివాళ్ళు కలిసి చేతులతోనే నెత్తురు ఆపారు. నౌకాదళం వారి అంబులెన్స్ వచ్చింది గాని, పడి ఉన్న మనిషి తమ హద్దులో లేడని ఎక్కించుకోలేదు. ఊరి అంబులెన్స్ వచ్చేదాకా ఆయన ఆ రాళ్ళ మీదే ఉన్నాడు.

ఆయన పేరు బ్రయాన్ విల్సన్. అప్పటికి 46 ఏళ్ళు. 1941 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. వియత్నాంలో వైమానిక దళ అధికారిగా పనిచేశాడు. న్యాయశాస్త్ర పట్టభద్రుడు.

తర్వాత జరిగిన విచారణల్లో ఒక విషయం తేలింది. ఆగవద్దని రైలు సిబ్బందికి ముందే చెప్పారు. ఆగితే నిరసనకారులు రైలెక్కేస్తారేమోనని పైవాళ్ళ భయం. సిబ్బంది మీద కేసు నడవలేదు. ఆదేశం ఇచ్చినవాళ్ళ మీదా నడవలేదు. మనిషి కాళ్ళు పోయిన మాట నిజం, రైలు వాటి మీద నుంచి వెళ్ళిన మాట నిజం, పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమకు చెప్పిందే చేసిన మాటా నిజం. మరి ఆ రైలును నడిపింది ఎవరు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దీనికి కాంకర్డ్‌లో జవాబు దొరకదు. విల్సన్ జీవితంలో పద్దెనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పట్టాల మీద కూర్చోవడం మనకు కొత్త కాదు. 2011లో తెలంగాణ కోసం పల్లెలకు పల్లెలే పట్టాల పైకి కదిలాయి. అంతకు ముందూ, ఆ తర్వాతా ఎన్ని రైల్‌రోకోలు చూశామో లెక్కలేదు. పట్టాల మీద కూర్చున్నవాడికీ, బండి నడిపేవాడికీ మధ్య పైకి చెప్పుకోని ఒక నమ్మకం ఉంటుంది: మనుషులు కనబడితే డ్రైవర్ బ్రేకు వేస్తాడు. పోలీసులు రావచ్చు, లాఠీలు లేవచ్చు, కేసులు పడవచ్చు. కానీ బండి మాత్రం ఆగుతుంది. ఆ నమ్మకం లేకపోతే సత్యాగ్రహం అనే మాటకే అర్థం ఉండదు. ఎదుటివాడిలో మనిషి ఉన్నాడన్న భరోసా మీదనే అది నిలబడుతుంది. విల్సన్ కూడా ఆ భరోసాతోనే కూర్చున్నాడు. చచ్చిపోవాలని కూర్చోలేదు.

1966లో న్యాయశాస్త్రం చదువుతుండగా ఆయనకు సైన్యం నుంచి పిలుపు వచ్చింది. బాప్టిస్టు కుటుంబం, సంప్రదాయ భావాలు, ఆటల్లో చురుకు. కమ్యూనిజాన్ని ఆపాలన్న మాటను ఆయన నమ్మాడు. వైమానిక దళంలో అధికారిగా చేరాడు. 1969లో వియత్నాం వెళ్ళి, మెకాంగ్ డెల్టాలో ఒక విమాన స్థావరం రక్షణ చూసే దళానికి నాయకుడయ్యాడు. ఆయన బాంబులు వెయ్యలేదు. బాంబులు పడిన తర్వాత ఆ చోటికి వెళ్ళి చూసి రావడం, విమానాలు ఎంత బాగా పని చేశాయో నమోదు చెయ్యడం ఆయనకు అప్పగించిన అదనపు బాధ్యత. వెంట ఒక దక్షిణ వియత్నాం సైనికాధికారి ఉండేవాడు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం అలాంటి ఒక పల్లెకు వెళ్ళారు. అక్కడ పడి ఉన్నవాళ్ళలో ఎక్కువ మంది పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. ఒక పడుచు తల్లి పిల్లలను పొదువుకుని పడి ఉంది. ఆమె కళ్ళు తెరిచే ఉన్నట్టున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే నాపామ్ బాంబుల మంట ఆమె కనురెప్పలను కరిగించేసింది. విల్సన్‌కు కడుపులో తిప్పింది, కళ్ళ నీళ్ళు వచ్చాయి. పక్కనున్న అధికారి ఏమైందని అడిగాడు. ఈమె నా కుటుంబంలో మనిషి అనే అర్థం వచ్చేలా ఏదో అన్నానని విల్సన్ తర్వాత రాసుకున్నాడు. ఆ అధికారికి ఆ మాట అంతుబట్టలేదు. చచ్చినవాళ్ళు కమ్యూనిస్టులు, పని బాగా జరిగింది, అంతే.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. యుద్ధం గురించి మనం తరచూ చెప్పుకునే మాట ఒకటుంది: పైనుంచి బాంబు వేసేవాడికి కింద ఎవరు ఉన్నారో కనబడదు, కనబడితే వెయ్యలేడు. ఇందులో నిజం లేకపోలేదు. అమెరికన్ చరిత్రకారుడు హోవర్డ్ జిన్ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానంలో పనిచేశాడు. యుద్ధం ఇంకొన్ని వారాల్లో ముగుస్తుందనగా, 1945 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రొయాన్ అనే చిన్న పట్టణం మీద నాపామ్ వేసిన విమానాల్లో ఆయనదీ ఒకటి. అంత ఎత్తులో ఒక్క అరుపూ వినబడలేదు, ఒక్క మొహమూ కనబడలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊరికి వెళ్ళి, బతికి మిగిలినవాళ్ళతో మాట్లాడాకే తాను చేసిన పని ఆయనకు పూర్తిగా తెలిసింది. తర్వాతి జీవితమంతా యుద్ధాలకు ఎదురు నిలవడంలోనే గడిచింది.

కానీ చూడడం ఒక్కటే చాలదనడానికి ఆ మెకాంగ్ పల్లెలో సాక్ష్యం ఉంది. విల్సన్ పక్కన నిలబడ్డ అధికారి కూడా అదే తల్లిని చూశాడు. పైగా ఆమె అతని భాష మాట్లాడే మనిషి, అతని నేల మీది మనిషి. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన పరాయివాడికి ఆమెలో అక్కో చెల్లెలో కనబడింది, సొంత దేశస్థుడికి శత్రువు కనబడింది. రక్తం, భాష, మతం, ఊరు ఇవేవీ కరుణకు పూచీ పడవని ఆ దృశ్యం చెబుతోంది. అయితే కరుణ దేని నుంచి పుడుతుంది? ఇద్దరు మనుషులు ఒకే శవం ముందు నిలబడితే ఒకడి గుండె తెరుచుకుని, రెండోవాడిది మూసుకుపోవడానికి కారణం ఏమిటి? పెంపకం అనవచ్చు. కానీ విల్సన్ పెంపకం ఆయన్ను ఆ యుద్ధంలోకి పంపిన పెంపకమే. నాకు దీనికి తృప్తికరమైన జవాబు దొరకలేదు. ఒకటి మాత్రం అనిపిస్తుంది. ఆ రెండో అధికారి ఆ శవాల మధ్య రోజూ బతకాలి. అతని దేశమే కాలిపోతోంది. ప్రతి శవం దగ్గరా ఏడుస్తూ కూర్చుంటే అతనికి మరునాడు లేదు. గుండె మూసుకోవడం కూడా ఒక్కోసారి బతకడానికి మనిషి చేసే ప్రయత్నమే. అతన్ని క్రూరుడని తేల్చెయ్యడానికి నాకు నోరు రావడం లేదు.

విల్సన్ కూడా వెంటనే మారిపోలేదు. ఇంటికి తిరిగొచ్చాడు, న్యాయశాస్త్రం పూర్తి చేశాడు, జైళ్ళ సంస్కరణ పనుల్లో పడ్డాడు. పన్నెండేళ్ళు గడిచాయి. 1981లో మసాచుసెట్స్‌లో ఒక జైలుకు వెళ్ళినప్పుడు ఉన్నట్టుండి ఆ పల్లె, ఆ శవాలు కళ్ళ ముందు నిలిచాయి. ఆ తర్వాత ఇక వాటిని తోసేయలేకపోయాడు. కొన్నాళ్ళకు అదే రాష్ట్రంలో వియత్నాం నుంచి తిరిగొచ్చిన మాజీ సైనికుల సహాయ కేంద్రం నడిపాడు. తనలాంటివాళ్ళు ఎందరున్నారో అక్కడ చూశాడు.

1980లోనే అమెరికా మానసిక వైద్యులు ఇలాంటి బాధకు ఒక పేరు ఖాయం చేసి తమ రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చారు. అది మంచి పనే. దానివల్ల లక్షల మందికి చికిత్స దొరికింది. అయినా ఒక సందేహం. అన్యాయంగా చనిపోయిన తల్లి కలలోకి రావడం జబ్బా, లేక ఆరోగ్యమా? ఆమె కలలోకి రానివాడు ఆరోగ్యవంతుడా? బాస్టన్‌లో మాజీ సైనికులకు వైద్యం చేసిన జోనథన్ షే అనే వైద్యుడు ఈ తేడాను గట్టిగా పట్టుకున్నాడు. భయం వల్ల కలిగే గాయం వేరు, ధర్మం తప్పిన చోట కలిగే గాయం వేరని వాదించి, రెండోదానికి నైతిక గాయం అన్న పేరు వాడాడు. మొదటిదానికి మందు ఇవ్వవచ్చు. రెండోదానికి మందు ఇచ్చి నిద్రపుచ్చితే మనిషి కోలుకున్నట్టా, లేక చచ్చినవాళ్ళకు మిగిలిన ఒకే ఒక సాక్షిని కూడా నోరు మూయించినట్టా?

మన మహాభారతంలో ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. తిక్కన తెనిగించిన శాంతిపర్వం మొదలయ్యేది గెలిచినవాడి దుఃఖంతో. ధర్మరాజు యుద్ధం గెలిచాడు. కర్ణుడు తన అన్న అని తెలిసింది. ఇంతమందిని చంపి సంపాదించిన ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతానన్నాడు. అప్పుడు అందరూ ఆయన మీద పడ్డారు. భీముడు, అర్జునుడు, ద్రౌపది మందలించారు. వ్యాసుడు, కృష్ణుడు నచ్చజెప్పారు. ధర్మరాజు సింహాసనం మీద కూర్చున్నాడు. అంపశయ్య మీద నుంచి భీష్ముడు రాజధర్మం బోధించాడు. చివరికి అశ్వమేధం చేస్తే పాపం పోతుందన్నారు. చిన్నప్పటి నుంచి ఇది ధర్మరాజుకు కలిగిన మోహం తొలగిపోయిన కథగా విన్నాను. ఇప్పుడు చదివితే మరోలా కనబడుతోంది. పద్దెనిమిది అక్షౌహిణులు నేలకూలిన తర్వాత అక్కడ ఉన్నవాళ్ళందరిలో సరిగ్గా స్పందించింది ఆయనొక్కడే. మిగతా అందరూ కలిసి ఆయనకు వైద్యం చేశారు. ఆ వైద్యం లేకపోతే రాజ్యం నడవదు, నిజమే. కానీ ఆ దుఃఖానికి ఎవరూ జవాబు చెప్పలేదు. దాన్ని పక్కకు తప్పించారు, అంతే. ఇక ఆ అశ్వమేధం కోసం అర్జునుడు గుర్రం వెంట వెళ్ళి మళ్ళీ యుద్ధాలు చేయాల్సి వచ్చింది.

విల్సన్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఆ దుఃఖం ఆయన్ను ఎటు తీసుకెళితే అటు వెళ్ళాడు.

1986 మొదట్లో స్పానిష్ నేర్చుకోవడానికి నికరాగువాలోని ఎస్తెలీ పట్టణానికి వెళ్ళాడు. అప్పటికి ఆ దేశపు సాండినిస్టా ప్రభుత్వాన్ని కూలదోయడానికి అమెరికా కాంట్రాలనే సాయుధ ముఠాలకు డబ్బు, ఆయుధాలు ఇస్తోంది. వాళ్ళ దాడుల్లో చనిపోయిన రైతుల శవాలు ఊళ్ళోకి రావడం ఆయన చూశాడు. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశాడు. మళ్ళీ అవే శవాలు, మళ్ళీ తన దేశపు డబ్బే. ఆ ఏడాది జూన్ 25న అమెరికా ప్రతినిధుల సభ కాంట్రాలకు 10 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సరిగ్గా రెండు రోజుల తర్వాత, జూన్ 27న, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం నికరాగువా విషయంలో అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. తీర్పును అమెరికా ఖాతరు చెయ్యలేదు. డబ్బు వెళ్ళింది.

చట్టం తెలిసిన మనిషికి అంతకన్నా పెద్ద ప్రశ్న ఉంటుందా? సైనికుడిగా చేరిన రోజు ప్రమాణం చేసింది రాజ్యాంగానికి. ఇప్పుడు చట్టాన్ని మీరుతున్నది తన సర్కారే. విధేయత ఎవరికి?

ఆ సెప్టెంబర్‌లో నలుగురు మాజీ సైనికులు వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్ల మీద నిరవధిక ఉపవాసానికి కూర్చున్నారు. చార్లీ లైటెకీ, జార్జ్ మైజో సెప్టెంబర్ 1న మొదలుపెట్టారు. రెండు వారాల తర్వాత విల్సన్, డంకన్ మర్ఫీ చేరారు. మర్ఫీ రెండో ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ నడిపినవాడు. బెర్గెన్-బెల్సెన్ నాజీ శిబిరాన్ని విడిపించినప్పుడు లోపలికి వెళ్ళి చూసినవాళ్ళలో ఒకడు. ఏడాది తర్వాత కాంకర్డ్ పట్టాల మీద విల్సన్ పక్కన కూర్చున్న ఇద్దరిలోనూ ఒకడు.

లైటెకీ గురించి కాస్త చెప్పాలి. ఆయన వియత్నాం వెళ్ళింది మతాచార్యుడిగా. చేతిలో తుపాకీ లేదు. 1967 డిసెంబర్‌లో కాల్పుల మధ్య, తానే గాయపడి కూడా, ఇరవై మందికి పైగా సైనికులను ఒక్కొక్కరినీ భద్రమైన చోటికి చేర్చాడు. దానికి అమెరికాలో సైనికుడికిచ్చే అత్యున్నత పతకం వచ్చింది. అది చంపినందుకు వచ్చిన పతకం కాదు, బతికించినందుకు వచ్చింది. అలాంటి పతకాన్ని 1986 జులై 29న వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక గోడ దగ్గర వదిలేసి వెళ్ళిపోయాడు. దానితో వచ్చే జీవితకాలపు పింఛను కూడా వదులుకున్నాడు. ఆయన సిగ్గుపడాల్సింది ఏదీ ఆ పతకం వెనక లేదు. అయినా ఇచ్చిన చేతిని బట్టి దాన్ని ఉంచుకోలేకపోయాడు. పశ్చాత్తాపం తప్పు చేసినవాడికే వస్తుందనుకుంటాం. అది మాత్రమే కాదని లైటెకీని చూస్తే తెలుస్తుంది.

పశ్చాత్తాపం అనగానే మనకు అశోకుడు గుర్తొస్తాడు. కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని చెప్పిన పదమూడో శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ళ మీద కూడా ఉంది. గెలిచిన రాజు తన గెలుపునకు సిగ్గుపడినట్టు చెప్పడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఒక సంగతి మనసును పట్టుకుంటుంది. అదే కళింగలో, ధౌళిలోనూ జౌగడలోనూ చెక్కించిన శాసనాల్లో ఈ పదమూడోది లేదు. దాని బదులు అక్కడి అధికారులకు ప్రజలను దయగా చూసుకోమని చెప్పే వేరే శాసనాలున్నాయి. అంటే ఎవరి రక్తం కారిందో వాళ్ళకు తప్ప మిగతా అందరికీ రాజు దుఃఖం తెలిసింది. ఆ పదమూడో శాసనంలోనే అడవి జనాలకు ఒక హెచ్చరిక ఉంది: రాజు బాధపడుతున్నా ఆయన చేతిలో బలం ఉందని మరిచిపోవద్దని. కళింగ మాత్రం ఆయన ఏలుబడిలోనే ఉండిపోయింది.

పతకాన్ని వదిలేసిన లైటెకీ పక్కన ఈ చక్రవర్తిని నిలబెట్టి చూస్తే, బాధపడడానికీ వదులుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో అర్థమవుతుంది. అయితే పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. లైటెకీ వదిలేస్తే ఆయనకు పతకం పోతుంది. అశోకుడు వదిలేస్తే కళింగను ఇంకో రాజు పట్టుకుంటాడేమో. అధికారం ఉన్నవాడి పశ్చాత్తాపం ఎప్పుడూ ఈ చిక్కులోనే ఉంటుంది. ధర్మరాజుకు చెప్పిన మాటా ఇదేగా.

ఆ నలుగురి ఉపవాసం నలభై రోజులు దాటింది. యుద్ధం ఆగలేదు. ఎఫ్‌బీఐ మాత్రం వాళ్ళ మీద కన్నేసింది. ఇల్లినాయ్‌లో పనిచేసే జాక్ రయన్ అనే ఏజెంట్‌కు శాంతి కార్యకర్తల మీద దర్యాప్తు అప్పగించారు. ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసిన మనిషి, కాథలిక్ విశ్వాసి. వీళ్ళను ఉగ్రవాదుల లెక్కన విచారించడం నా వల్ల కాదని చెప్పేశాడు. 1987లో, పింఛనుకు ఏడాది కూడా లేదనగా, ఉద్యోగం పోయింది. విల్సన్ పేరు విన్నవాళ్ళలో చాలామందికి రయన్ పేరు తెలియదు. ఆయనకు కాళ్ళు పోలేదు, టీవీలో కనబడలేదు. కానీ ఆదేశం తన చేతి దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ఆపిన మనిషి ఆయన.

పెద్ద యంత్రాల్లో పాపం పంపకమవుతుంది. పైవాడు సంతకం పెడతాడు, మధ్యవాడు కాగితం పంపుతాడు, కిందివాడు మీట నొక్కుతాడు. అందరి దగ్గరా తలా కొంచెం ఉండి ఎవరి దగ్గరా పూర్తిగా ఉండదు. వియత్నాంలో విల్సన్ కూడా ఆ వరసలో ఒకడు. ఆయన చంపలేదు, లెక్క రాశాడు. లెక్క రాసేవాడు లేకపోతే మర్నాటి విమానాలు బయలుదేరవు. తన వంతు చిన్నదని ఆయన తప్పించుకోలేదు. ఆ చిన్న వంతునే పట్టుకుని మిగతా జీవితం నడిపాడు. నాకు ఆయనలో కనిపించే గొప్పతనం ఇదే. కాళ్ళు పోగొట్టుకున్న సాహసం దీని తర్వాతే వస్తుంది.

ఆయన చెప్పిన ప్రతిదానికీ నేను తలూపలేను. కృత్రిమ కాళ్ళతో నిలబడి, చేతులతో తిప్పే సైకిల్ మీద వందల మైళ్ళు తిరిగి, అమెరికా జీవన విధానాన్నే తప్పుపట్టే దాకా వెళ్ళాడు. 2011లో ఆత్మకథ అచ్చయింది. తర్వాత నికరాగువాలోనే స్థిరపడ్డాడు. 2018లో అక్కడ సాండినిస్టా నాయకుడు ఒర్తేగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు మూడు వందల మందికి పైగా చనిపోయారని అమెరికా ఖండపు మానవ హక్కుల సంఘం లెక్క చెప్పింది. వాళ్ళలో విద్యార్థులున్నారు. విల్సన్ ఆ తిరుగుబాటును అమెరికా కుట్రగానే చూశాడు, ప్రభుత్వం పక్షాన నిలిచాడు. నికరాగువా చరిత్రలో అమెరికా చేసింది తెలిసినవాళ్ళకు ఆ అనుమానం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. అయినా మెకాంగ్ పల్లెలో పక్కనున్న అధికారి అన్న మాట నాకు గుర్తుకొస్తుంది: చచ్చినవాళ్ళు కమ్యూనిస్టులు. చచ్చినవాళ్ళు కుట్రదారులు అన్న మాటకూ దీనికీ తేడా ఎంత? ఒక తల్లి కళ్ళలో తన కుటుంబాన్ని చూసిన మనిషికి మరో తల్లి కొడుకు ఎందుకు కనబడలేదు? మనం ప్రేమించిన ఉద్యమం గద్దెనెక్కాక దాని చేతుల్లో పడ్డ శవాలను చూడడం అన్నిటికన్నా కష్టమేమో. తెలుగు నేల మీద కూడా ఈ కష్టం తెలియని ఉద్యమాభిమాని లేడు. ఇది చెప్పకుండా విల్సన్‌ను పొగిడితే ఆయన నేర్పిన ప్రశ్నకే ద్రోహం చేసినట్టు అవుతుంది.

మళ్ళీ కాంకర్డ్‌కు వస్తాను. ఆ డిపో రేవు పేరు పోర్ట్ షికాగో. 1944 జులై 17 రాత్రి అక్కడ ఓడల్లోకి బాంబులు ఎక్కిస్తుండగా భారీ పేలుడు జరిగి 320 మంది చనిపోయారు. వాళ్ళలో 202 మంది నల్లజాతివాళ్ళు. ప్రమాదకరమైన ఎక్కింపు పని నల్లజాతి నావికులది, పైన నిలబడి తొందరపెట్టే అధికారులు తెల్లవాళ్ళు. కొన్ని వారాలకే మళ్ళీ అదే పనికి పొమ్మంటే 258 మంది వెళ్ళబోమన్నారు. ప్రాణం తీస్తామని బెదిరించాక చాలామంది తగ్గారు. మిగిలిన 50 మంది మీద తిరుగుబాటు నేరం మోపి శిక్ష వేశారు. వాళ్ళ తరఫున పోరాడిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి. నౌకాదళం ఆ శిక్షలన్నీ రద్దు చేసి వాళ్ళను నిర్దోషులన్నది 2024 జులై 17న, సరిగ్గా 80 ఏళ్ళకు. విల్సన్ మీదుగా వెళ్ళిన రైలు పోతున్నది ఆ రేవుకే. ఆదేశాన్ని కాదన్నవాళ్ళకు ఆ చోట జైలు దొరికింది. ఆదేశాన్ని పాటించినవాళ్ళ మీద కేసే పెట్టలేదు.

ఇక డ్రైవర్ సంగతి. ఇక్కడ విల్సన్‌ను నిలదీయాల్సిన ప్రశ్న ఒకటుంది. ఉద్యోగం తప్ప మరే అధికారమూ లేని ఒక మామూలు మనిషి ముందు తన శరీరాన్ని పెట్టి, ఆపుతావా చంపుతావా అని అడిగే హక్కు ఎవరికైనా ఉందా? నికరాగువాలో చంపించేది ఆ డ్రైవర్ కాదు. నిర్ణయాలు జరిగే గదుల్లో ఉన్నవాళ్ళ ఒంటి మీద ఒక్క గీతా పడలేదు. భారమంతా ఇంజిన్‌లో ఉన్నవాడి నెత్తిన పడింది. ఆ తర్వాత రైలు సిబ్బంది, తమకు మానసిక వేదన కలిగించాడని విల్సన్ మీదే దావా వేశారు. చాలామంది దీన్ని వింత అనుకున్నారు. నాకు వింత అనిపించదు. ఆ ఘటన వాళ్ళకు కూడా కలలోకి వచ్చి ఉంటుంది. విల్సన్ పన్నెండేళ్ళు మోసిన బరువే వాళ్ళ మీదా పడింది. వాళ్ళు దాన్ని విల్సన్ ఇచ్చాడనుకున్నారు. ఆగవద్దన్నవాళ్ళు ఇచ్చారని అనుకోలేకపోయారు. ఆయన ప్రభుత్వం మీద వేసిన దావా 1990లో 9,20,000 డాలర్ల రాజీతో ముగిసింది. రాజీ అంటే డబ్బు వచ్చింది. తప్పు ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

సత్యాగ్రహానికి ఈ బాధ్యత ఉందని ఒప్పుకోవాలి. అది ఎదుటివాడిని ఎంచుకోక తప్పని స్థితిలోకి నెడుతుంది. అతను ఎంచుకోవాలని కోరుకోకపోయినా సరే. కానీ ఆలోచించండి. విల్సన్ అక్కడ కూర్చోకపోతే ఆ డ్రైవర్ ఏ తప్పూ లేనివాడా? ఎస్తెలీ వైపో, ఎల్ సాల్వడార్ వైపో పోయే బాంబులను రోజూ చేరవేస్తూనే ఉండేవాడు. తేడా ఒక్కటే, అతనికి కనబడేది కాదు. విల్సన్ కొత్తగా ఏ బరువూ తేలేదు. దూరంగా ఉన్నదాన్ని ఇంజిన్ ముందుకు తెచ్చాడు.

కాంకర్డ్ ఉద్యమానికి వాళ్ళు పెట్టుకున్న పేరు న్యూరెంబర్గ్ యాక్షన్స్. నాజీ నాయకుల విచారణ తర్వాత, 1950లో, ఐక్యరాజ్యసమితి న్యాయ నిపుణుల సంఘం కొన్ని సూత్రాలు రాసింది. పైవాడి ఆదేశం పాటించానన్నంత మాత్రాన నేరస్థుడి బాధ్యత తప్పిపోదని అందులో ఒక సూత్రం. దానికి ఒక షరతు జోడించారు: ధర్మాధర్మాల మధ్య ఎంచుకునే వీలు అతనికి నిజంగా ఉండి ఉంటేనే. ఆ షరతులోనే మొత్తం ప్రశ్న దాగి ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడికి ఆ వీలు ఉన్నట్టా? జాక్ రయన్‌కు ఉంది, ఎందుకంటే ఆయన దాని ఖరీదు కట్టాడు. పోర్ట్ షికాగో నావికులకూ ఉంది, వాళ్ళు ఇంకా ఎక్కువ కట్టారు. అంత ఖరీదు పెట్టి కొనాల్సినదాన్ని వీలు అనవచ్చా?

నా జవాబు అవును అనే. ఆ జవాబు ఇంకొకరికి చెప్పే అధికారం నాకు లేదని తెలిసి కూడా ఇదే అంటాను. ఎందుకంటే కాంకర్డ్‌లో తర్వాత ఏం జరిగిందో చూడండి. సెప్టెంబర్ 1 తర్వాత కొద్ది రోజుల్లోనే వేలమంది అక్కడికి చేరారు. కొందరు పట్టాలు పీకేశారు. వాటిని మళ్ళీ వేశారు. అయినా జనం పోలేదు. రెండేళ్ళకు పైగా రాత్రింబగళ్ళు ఎవరో ఒకరు ఆ పట్టాల దగ్గర ఉన్నారు. రైలు వస్తే ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చి ఒక్కొక్కరినీ లేపి, సంకెళ్ళు వేసి, వ్యానుల్లో ఎక్కించేదాకా రైలు కదల్లేదు. అవే పట్టాలు, అదే నౌకాదళం, అవే బాంబులు. ఏ రైలైతే ఆపడం కుదరదన్నారో అది రోజు తర్వాత రోజు ఆగి ఎదురుచూసింది. సెప్టెంబర్ 1న కూడా బ్రేకు ఉంది, అది పనిచేస్తూనే ఉంది.